రెండు పేపర్ల నడుమ నాంచారమ్మ

నాంచారమ్మ తాలింపు వేస్తే ఆ ఘుమఘుమ మూడు క్వార్టర్లు దాటి పోతుందని రాయపూర్ వ్యాగన్ షాపు కాలనీలో ఒక మాట ఉండేది. అందులో నిజమెంతో గానీ, గణపతి నవరాత్రులకైనా, శ్రీరామనవమి పానకాలకైనా, ఎవరింట్లోనన్నా పదిమందికి పెట్టాల్సి వచ్చినా మొదటి కబురు వెళ్లేది ఆవిడకే. ఆవిడ కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని వచ్చి, గాలి ఎటు వీస్తోందో ఓసారి చూసి, "గాడిపొయ్యి ఇటు తవ్వండర్రా, అటు తవ్వితే పొగంతా తినీవోళ్ల మొకాల మీదకే ఎల్తాది" అనేది. ఇక ఆపైన ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు.

ఆవిడది టెక్కలి దగ్గర పల్లె. మేనమామ కొండలరావే మొగుడయ్యాడు. వ్యాగన్లు బాగుచేసే షాపు రాయపూర్లో కొత్తగా లేస్తున్న రోజుల్లో కొండలరావు అక్కడ కలాసీగా చేరాడు. అతని వెనక ఒక తమ్ముడు, ఆ తమ్ముడి వెనక ఒక బావమరిది, ఇలా సగం పల్లె రైలెక్కి వచ్చేసింది. వచ్చిన కొత్తలో నాంచారమ్మకి హిందీ ముక్క రాదు. నేర్చుకున్నాక కూడా ఆ హిందీలో ఆడా మగా తేడా ఉండేది కాదు. ఆవు వచ్చినా 'ఆతా హై', బడి పంతులమ్మ వచ్చినా 'ఆతా హై'. కూరలమ్మే ఛత్తీస్‌గఢీ ఆడవాళ్లు నవ్వేవారు. నవ్వుతూనే కొసరుగా నాలుగు మిరపకాయలు వేసేవారు.

కొండలరావుకి పేపరు పిచ్చి. డెబ్భై నాలుగులో రైల్వే సమ్మె జరిగినప్పుడు అతన్ని ఉద్యోగం నుంచి తీసేసి, కొన్నాళ్లకి మళ్లీ తీసుకున్నారు. ఆ కష్టకాలంలో ఊళ్లో ఒక హిందీ పేపరు సమ్మె చేసినవాళ్ల పక్షాన రాసింది. ఆ రాతలు తన కళ్లతో చదువుకోవాలనే అతను హిందీ అక్షరాలు నేర్చుకున్నాడు. అప్పట్నుంచి పొద్దున్నే ఆ పేపరు వాకిట్లో పడకపోతే అతనికి టీ దిగేది కాదు. డ్యూటీకి వెళ్లేలోపు అరుగు మీద కూర్చుని గట్టిగా చదివి, నాంచారమ్మకి తెలుగులో చెప్పేవాడు. చదువు రాని నాంచారమ్మ ఆ పేపరుకి తన పేరు తను పెట్టుకుంది. పైన పేరు ఎర్ర అక్షరాల్లో ఉంటుంది కనక 'ఎర్రపేరు పేపరు'.

ఎదురింటి దానయ్య తెప్పించేది 'నల్లపేరు పేపరు'. దానయ్య కూడా వ్యాగన్ షాపు మనిషే, పలాస వాడు. ఇద్దరికీ ప్రాణస్నేహం. అయినా పొద్దున్న పేపర్లు పడగానే సందుకి ఇటు నుంచి ఒకడు, అటు నుంచి ఒకడు మొదలుపెట్టేవారు. గుడిసెలకి ప్రభుత్వం ఒక్కో బల్బు ఇస్తానంటే నల్లపేరు పేపరు 'పేదవాడి ఇంట వెలుగు' అని రాసేది. 'బల్బు ఉంది, కరెంటేదీ?' అని రాసేది ఎర్రపేరు పేపరు. చవక బియ్యం మీదా అంతే, ఇళ్ల పట్టాల మీదా అంతే. వీళ్లిద్దరి కేకలకి సందులో కుక్కలు లేచి పక్కకు పోయేవి. "ఇంక సాలు, గుడిసెలోళ్లకి లేని బాద మీకేటి?" అని నాంచారమ్మ రెండు గ్లాసుల టీ తెచ్చి ఇద్దరి నోళ్లూ మూయించేది.

కూతుళ్లిద్దరికీ పెళ్లిళ్లయి ఒకతె భిలాయికీ, ఒకతె ఖరగ్‌పూరుకీ వెళ్లిపోయాక ఇల్లు చిన్నబోయింది. సరిగ్గా అప్పుడే బడిపిల్లలకి మధ్యాహ్నం భోజనం పెట్టే పథకం వచ్చింది. కాలనీ చివర, పట్టాల పక్కన ఒక చిన్న ప్రైమరీ బడి ఉండేది. అందులో సగం రైల్వే కూలీల పిల్లలు, సగం పట్టాల అవతలి గుడిసెల పిల్లలు. ఆ బడి పెద్ద పంతులమ్మ సుభద్ర, ఆరంగ్ ఊరామె. ఒక నవమికి నాంచారమ్మ వండిన పులిహోర తిన్నది. ఆ రుచి గుర్తుపెట్టుకుని ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

"అమ్మా, గోధుమ నూక దలియా. రోజూ వండాలి. జీతం చెప్పుకోదగ్గది కాదు. వస్తావా?" అంది.

"పిల్లలకేనా?" అని అడిగింది నాంచారమ్మ.

"పిల్లలకే."

"అయితే జీతం మాటెందుకు, రేపొస్తాను" అంది. కొండలరావు లోపల్నుంచి దగ్గాడు.

బడిలో వంటగది లేదు. గోడకి ఆనించి వేసిన ఒక రెల్లు పందిరి, దాని కింద రాళ్ల పొయ్యి. దలియా ఉప్మాలా పొడిపొడిగా వస్తే పిల్లలు తినరని, గంజిలా పలచనైతే ఆకలి ఆగదని కొద్దిరోజుల్లో కనిపెట్టి, నడిమధ్యగా ఒక పాకం పట్టింది. ఓపిక ఉన్న రోజున ఇంటి నుంచి కరివేపాకు పట్టుకెళ్లేది. పిల్లలు ఆవిణ్ని 'దాయీ' అని పిలిచేవారు. అక్కడి భాషలో అమ్మ అని. "దాయీ, ఆజ్ కా రాంధే హస్?" ఇవాళ ఏం వండావమ్మా అని రోజూ అడిగేవారు. రోజూ దలియాయే. అయినా రోజూ అడిగేవారు. ఆవిడా ఏదో కొత్తది వండినట్టు మూత తీసి చూపించేది.

అలా ఒక ఏడాది గడిచింది. శ్రావణ మాసం. వారం నుంచి తెరిపి లేని వాన. పందిరి కారి కట్టెలన్నీ తడిసిపోయాయి. ఊదగా ఊదగా మంట రాదు, వచ్చిందంటే ఒక్కసారి భగ్గుమంటుంది. ఆ గొడవలో దలియా అడుగంటింది. నాంచారమ్మ గబగబా పైభాగం వేరే గిన్నెలోకి తీసేసి, రుచి చూసి, బాగుందనుకున్నాకే పిల్లలకి వడ్డించింది. అడుగున మాడినదాన్ని గిన్నెతో సహా బయట ఆవుకి పెట్టింది.

సరిగ్గా ఆ వేళకి బడి ముందు ఒక స్కూటరు ఆగింది. ముందు కూర్చున్నవాడు తివారీ, పొడుగ్గా కళ్లజోడు పెట్టుకుని ఉన్నాడు. ఎర్రపేరు పేపరు మనిషి. వెనక కూర్చున్నవాడు సాహూ, పొట్టిగా మెడలో కెమెరా వేసుకుని ఉన్నాడు. నల్లపేరు పేపరు మనిషి. ఇద్దరూ వాన తుడుచుకుంటూ, ఒకరి మీద ఒకరు జోకులేసుకుంటూ వచ్చారు. సాహూ కెమెరా ఎత్తి, పొగలో గరిటె పట్టుకున్న నాంచారమ్మ ఫోటో తీశాడు. తివారీ తన కెమెరా రిపేరులో ఉందని చెప్పి, "నా కోసం ఆ ఆవునొకటి తియ్యరా భాయ్" అన్నాడు. సాహూ అదీ తీశాడు. ఇద్దరూ సుభద్రని నాలుగు మాటలడిగారు, నాంచారమ్మకి నమస్కారం పెట్టారు, వచ్చిన స్కూటరు మీదే వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్న కొండలరావు అరుగు మీద పేపరు విప్పాడు. విప్పినవాడు విప్పినట్టే ఉండిపోయాడు.

"ఏటి మావా, గొంతు పట్టీసిందేటి?" అంది నాంచారమ్మ టీ ఇస్తూ.

"ఏటీ నేదు. అన్నీ వాన కబుర్లే" అని పేపరు మడిచి కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు.

ఇంతలో ఎదురింటి నుంచి దానయ్య నల్లపేరు పేపరు జెండాలా ఊపుకుంటూ వచ్చాడు. "ఒదినా! పేపర్లో నీ బొమ్మ ఏసేరు!"

నాంచారమ్మ చేతులు తుడుచుకుని వచ్చి చూసింది. గరిటె, పొగ, తన ముక్కుపుడక అన్నీ కనిపిస్తున్నాయి. పెళ్లినాటి సంగతి అడిగినట్టు సిగ్గుపడిపోయింది. "ఏటి రాసేరేటి?"

దానయ్య గొంతు సవరించుకుని చదివి చెప్పాడు. బడికి పండగొచ్చిందట. పిల్లలు పరిగెత్తుకుంటూ వస్తున్నారట. 'ఈ పథకం నాకు రెండో జన్మనిచ్చింది' అని వంటమనిషి నాంచారీబాయి కన్నీళ్లు పెట్టుకుందట.

నాంచారమ్మ మొహంలో సిగ్గు పోయింది. "నానెప్పుడన్నాను ఆ మాట? నానేడవనేదు దానయ్యా. తడికట్టెల పొగకి కళ్లెంట నీళ్లొచ్చినాయి."

"పోనీ ఒదినా, మంచే రాసేరు కదా."

"మంచైతే మాత్తరం, అనని మాట అన్నానంటారేటి?"

దానయ్య ఇబ్బందిపడి మాట తిప్పబోయాడు. "మరి నీ పేపరేటి రాసిందిరా కొండలరావూ?" కొండలరావు కదల్లేదు. నాంచారమ్మ మొగుడి మొహం చూసింది. ముప్ఫై ఏళ్లు కాపురం చేసిన మనిషికి ఆ మొహం చదవడానికి అక్షరాలక్కర్లేదు. "సదువు మావా" అంది.

ఎర్రపేరు పేపర్లో ఆవు బొమ్మ ఉంది. మూతి గిన్నెలో పెట్టి తింటోంది. 'పిల్లల పేరు, పశువుల నోరు' అని పెద్దక్షరాలు. పలకలు పట్టుకు రావాల్సిన పిల్లలు పళ్లాలు పట్టుకు వస్తున్నారట, పంతులమ్మలు చదువు మానేసి గింజలు కొలుస్తున్నారట. ఆఖర్న వంటమనిషి మాడిన దలియా వడ్డించిందని ఒక ముక్క.

నాంచారమ్మ గుమ్మం మీద కూలబడింది. "మాడింది పిల్లలకి నాను పెట్టనేదు మావా."

"నాకు తెల్దేటే" అన్నాడు కొండలరావు. ఆ రోజు టీ తాగకుండానే డ్యూటీకి వెళ్లిపోయాడు. ఇరవై ఏళ్లకి పైగా తల మీద పెట్టుకున్న పేపరు తన పెళ్లాన్నే మాట అన్నది. అది పేపరు మీద కోపమో, తన మీద తనకే కోపమో అతనికే తెలియలేదు.

ఆ తరవాత రెండు పేపర్లూ రోజూ తలపడ్డాయి. ఒకటి సంపాదకీయం రాస్తే ఇంకొకటి జవాబు రాసేది. రేడియోలో ఇద్దరు పెద్దమనుషులు చర్చించారు. ఒకాయన పోషకాహారం అన్నాడు, ఒకాయన ఆత్మగౌరవం అన్నాడు. దలియా అన్నమాట ఇద్దరి నోటా రాలేదు. గేటు దగ్గర టీకొట్లో వ్యాగన్ షాపు మనుషులు రెండు జట్లయ్యారు. నాంచారమ్మ మాత్రం ఎప్పటిలాగే పొయ్యి రాజేసేది, కాకపోతే బయట స్కూటరు చప్పుడు వినిపిస్తే ఉలిక్కిపడేది.

గొడవ ముదిరి పైనుంచి అధికారులు వచ్చారు. బస్తాలు చూశారు, గిన్నెలు చూశారు, విచారణ పూర్తయ్యేదాకా వంట ఆపమని చెప్పి సరుకుల గదికి తాళం వేసి వెళ్లారు. ఎవరూ ఎవర్నీ కోప్పడలేదు. అంతా మర్యాదగానే జరిగింది.

మర్నాడు మధ్యాహ్నం బెల్లు కొట్టగానే పిల్లలు పళ్లాలు పట్టుకుని వరసలో కూర్చున్నారు. పట్టాల అవతలి నుంచి వచ్చే ఒక చిన్నపిల్ల చల్లారిన పొయ్యి వంక చూసి, "దాయీ, ఆజ్ కా రాంధే హస్?" అంది. నాంచారమ్మకి చూపించడానికి మూత లేదు, మూత కింద గిన్నె లేదు. సుభద్ర పిల్లల్ని లేపి మెల్లిగా లోపలికి తీసుకుపోయింది.

ఆ రోజు ఇంటికొచ్చిన నాంచారమ్మ అన్నం ముందు కూర్చుని చెయ్యి పెట్టలేకపోయింది. లేచి పక్కింటి పైడమ్మ దగ్గరికెళ్లింది. పైడమ్మ కాలనీ ఆడవాళ్లందరికీ పెద్దదిక్కు.

"పైడమ్మత్తా, నవమి డేగిసాలు ఊరికే పడున్నాయి కదా?"

"పడున్నాయి. ఏటి సేస్తావు?"

"పేపర్లోళ్ల తగువు తెగీదాకా పిల్లల కడుపులాగవు కదా. మనం వండుదుం."

పైడమ్మ "బియ్యం నా ఇంటి నుంచి మొదలెట్టు" అంది. సాయంత్రానికి ప్రతి ఇంటి నుంచీ ఏదో ఒకటి వచ్చింది. బియ్యం, కందిపప్పు, ఒకరింటి పాదు నుంచి సొరకాయలు. తెల్లారి డ్యూటీకి వెళ్లే ముందు కొండలరావే గునపం పట్టుకుని, పందిళ్లు వేసే ఖాళీ స్థలంలో గాడిపొయ్యి తవ్వాడు. ఏ గాలికి ఏ పక్క తవ్వాలో పెళ్లాన్ని అడిగి మరీ తవ్వాడు. దానయ్య వచ్చి ఎండు కట్టెలు చేరవేశాడు. ఇద్దరూ పేపర్ల ఊసెత్తలేదు.

మధ్యాహ్నం సుభద్ర పిల్లల్ని వరసగా నడిపించుకుని తీసుకొచ్చింది. "బడి బయట తింటే నన్నెవరడుగుతారు?" అంది నవ్వుతూ, కానీ రోడ్డు వంక ఓసారి తొంగి చూసుకుంది. ఆ రోజు పిల్లలు సొరకాయ పప్పూ అన్నమూ తిన్నారు. పట్టాల అవతలి పిల్లలకి పప్పులో చింతపండు కొత్త. మొదటి ముద్దకి మొహం చిట్లించి, రెండో ముద్దకి మళ్లీ పళ్లెం చాచారు.

మూడో రోజున స్కూటరు వచ్చింది. తివారీ ముందు, సాహూ వెనక. ఈ వార్త ఇద్దరికీ కావాలి. ప్రభుత్వం చేతులెత్తేస్తే జనం ఆదుకున్నారని ఒకరు రాస్తారు. పథకం స్ఫూర్తితో ఆడవాళ్లు కదిలారని ఇంకొకరు రాస్తారు. సాహూ కెమెరా ఎత్తబోతుంటే నాంచారమ్మ గరిటె అడ్డం పెట్టింది.

"రుకో బాబూ. పహలే ఖాతా హై, బాద్ మే లిఖ్‌తా హై."

ముందు తినండి, తరవాత రాయండి అని. ఆ హిందీకి పిల్లలు పగలబడి నవ్వారు. పేపరు మనుషులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, చెప్పులు విడిచి పిల్లల వరసలో కూర్చున్నారు. పైడమ్మ విస్తళ్లు వేసింది, నాంచారమ్మ వడ్డించింది. తివారీ మారు అడిగాడు. సాహూకి పప్పులో పులుపుకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సూడు, నీకూ నీళ్లొచ్చినాయి. నాంచారీబాయి వంటకి ఏడిసేవని రాయనా?" అంది నాంచారమ్మ.

సాహూ ముందు నవ్వాడు. ఆ తరవాత తల దించుకుని, "తప్పే అమ్మా. అలా రాస్తే బాగుంటుందనిపించింది" అన్నాడు.

చేతులు కడుక్కున్నాక ముగ్గురూ గట్టు మీద కూర్చున్నారు. నాంచారమ్మే తన హిందీలో మొదలుపెట్టింది. "ఒక మాటడుగుతాను బాబూ. మీరిద్దరూ ఒకే బండి మీద వస్తారు. ఒకే కెమెరాతో బొమ్మలు తీసుకుంటారు. మరి మీ పేపర్లు అలా కుమ్ముకుంటాయేటి?"

"మేం తిట్టకపోతే పుచ్చిన గోధుమలే పంపుతారమ్మా. గట్టిగా రాస్తేనే పైవాళ్లకి వినపడుతుంది" అన్నాడు తివారీ.

"మేం పొగడకపోతే అసలు పథకమే ఎత్తేస్తారు. ఇది దండగ అనేవాళ్లు పైన చాలామంది ఉన్నారు" అన్నాడు సాహూ.

నాంచారమ్మకి వాళ్లు చెప్పినదాంట్లో అబద్ధం కనిపించలేదు. గోధుమలు పుచ్చిన రోజులున్నాయి. పిల్లలు బడికి ఎక్కువొచ్చిందీ నిజమే. "అయితే తిట్టీవోడు తిట్టండి, పొగిడీవోడు పొగడండి. గానీ నానన్న మాటే నానన్నానని రాయండి. నాను సెయ్యని పని సేసేనని రాయకండి. ఇంకోటి. మా పందిరి కారుతాది బాబూ. కట్టెలు తడిసిపోతాయి. దలియా మాడింది అందుకే. అది ఒక్కరూ రాయలేదు."

తివారీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నేనడగలేదు కదమ్మా" అన్నాడు.

తరవాతి ఆదివారం కొండలరావూ దానయ్యా ఇద్దరూ నాంచారమ్మ అరుగు మీదే పేపర్లు విప్పారు. ఎర్రపేరు పేపర్లో లోపలి పేజీలో చిన్న వార్త. వంటగదికి కప్పు వేయకుండా వంటమనిషిని నిందించి ఏం లాభమని అడిగింది. మాడిన దలియా పిల్లలకు పెట్టలేదని వంటమనిషి నాంచారమ్మ చెప్పారని, పూర్తి పేరుతో, రాసింది. నల్లపేరు పేపరు భోజనం వెంటనే మొదలుపెట్టాలని, ఇంత మంచి పథకానికి గట్టి కప్పుండాలని రాసింది. కప్పు లేకపోవడం నిర్లక్ష్యమని ఒకటీ, కాదు ఇంకా చేయాల్సిన పనని ఇంకొకటీ అన్నాయి.

"సూసేవా, ఇప్పుడూ మాదే కరెక్టు" అని మొదలుపెట్టాడు దానయ్య.

"ఏటి కరెక్టు? మొదట అడిగింది మేం" అన్నాడు కొండలరావు.

నాంచారమ్మ లోపల్నుంచి గట్టిగా నవ్వింది. "కొట్టుకోండి, కొట్టుకోండి. ఈపాలి తగువు కప్పు కోసమే కదా!"

వారం తిరక్కుండా సరుకుల గది తాళం తీశారు. దసరా వెళ్లాక బడి గోడ పక్కన రేకుల కప్పు లేచింది. కష్టాలన్నీ తీరాయని కాదు. ఆ తరవాత కూడా పురుగు పట్టిన బస్తాలొచ్చాయి, ఎర్రపేరు పేపరు మండిపడింది, కొత్త బస్తాలొచ్చాయి. ఓ ఏడు పథకానికి డబ్బు దండగని ఎవరో పెద్దాయన అంటే, నల్లపేరు పేపరు పట్టాల అవతలి పిల్లల ఫోటోలు వేసి నోరు మూయించింది. కొండలరావు మాత్రం మారాడు. తన పేపరు చదివాక సందు దాటి వెళ్లి దానయ్య పేపరు కూడా చదివేవాడు. "అందులోనూ అప్పుడప్పుడు నిజం ఉంటాదే" అని ఒకసారి పెళ్లాంతో గుసగుసగా ఒప్పుకున్నాడు. తివారీ, సాహూ అటుగా వచ్చినప్పుడల్లా వేళ చూసుకుని భోజనానికి ఆగేవారు.

రెండువేల సంవత్సరం నవంబరులో ఛత్తీస్‌గఢ్ వేరే రాష్ట్రమై, రాయపూర్ రాజధాని అయింది. ఆ రోజు రెండు పేపర్లూ ఒకే సంబరం చేసుకున్నాయి. కొట్టుకోవడానికి ఏమీ దొరక్క కొండలరావూ దానయ్యా పొద్దంతా ఏం తోచక తిరిగారు. అప్పటికి సుభద్ర సొంత ఊరు ఆరంగ్‌కి బదిలీ అయి వెళ్లిపోయింది. ఆ నెల్లోనే ఆమె దగ్గర్నుంచి కబురొచ్చింది. అక్కడి బడిలో వంటకి కొత్త అమ్మాయిలు కుదిరారు, ఒక్కరోజు వచ్చి వాళ్లకి వంట ఒడుపు చూపించమని.

కొండలరావు సెలవు పెట్టి బస్సులో తీసుకెళ్లాడు. పొద్దంతా నాంచారమ్మ ఆ అమ్మాయిల పక్కన నిలబడి, నూక ఎప్పుడు వెయ్యాలో, మంట ఎప్పుడు తగ్గించాలో చూపించింది. వాళ్లే వండారు, ఆవిడ గరిటె ముట్టలేదు. పిల్లలు తిన్నాక, సుభద్ర ఆవిడ చెయ్యి పట్టుకుని చాప మీద కూర్చోబెట్టింది. ఒక అమ్మాయి పళ్లెం పెట్టి వడ్డించింది. ఇన్నేళ్లలో ఇలాంటి పెద్ద వంట దగ్గర నాంచారమ్మ కూర్చుని, ఇంకొకరు వడ్డించడం అదే మొదటిసారి. కొండలరావు పక్కనే కూర్చుని ఏమంటుందోనని పెళ్లాం వంకే చూస్తున్నాడు.

అమ్మాయి ఎదురుగా గొంతుక్కూర్చుని, "కైసా హై, దాయీ?" అని అడిగింది.

నాంచారమ్మ ఒక ముద్ద తిని, నిదానంగా రెండో ముద్ద తింది. "అచ్ఛా హై బేటీ. పొగ వాసన లేదు, బాగా ఉడికింది" అంది. ఆ అమ్మాయి మొహం విప్పారింది. "గానీ, నమక్ థోడా కమ్ హై."

అమ్మాయి ఫక్కున నవ్వి ఉప్పు డబ్బా కోసం లోపలికి పరిగెత్తింది. నాంచారమ్మ పళ్లెం దగ్గరికి లాక్కుని, ఆ పిల్ల వచ్చేదాకా ఆగకుండా మూడో ముద్ద కలుపుకుంది.